సుద్దముక్క నేర్పిన ఉద్యోగం

బాసర అనగానే మనకు గుర్తుకొచ్చేది అక్షరాభ్యాసం. ఎక్కడెక్కడి తల్లిదండ్రులో పిల్లల్ని ఎత్తుకొని వచ్చి, సరస్వతీ అమ్మవారి సన్నిధిలో పలక మీద మొదటి అక్షరం దిద్దిస్తారు. వసంత పంచమినాడైతే గుడి ముందర కాలు పెట్టడానికి చోటుండదు. నేను బాసరకు పోయింది మాత్రం టీచింగ్ ప్రాక్టీసు కోసం. అంటే అక్షరం దిద్దడానికి కాదు, దిద్దించడానికి. తీరా పోయినాక తెలిసింది, దిద్దుకోవలసినవాణ్ణి నేనేనని.

నేను బి.ఏ.లో చరిత్ర, అర్థశాస్త్రం, రాజనీతి శాస్త్రం చదివి బి.ఎడ్.లో చేరినవాణ్ణి. మా ఇంటికి వచ్చిన ప్రతి చుట్టమూ అడిగే ప్రశ్న ఒక్కటే: "సోషల్ చదివి ఏం నౌకరి చేస్తవు బిడ్డా?" నిజామాబాదులో రైలెక్కితే నవీపేట దాటి, గోదావరి వంతెన మీదుగా బాసర చేరుతాం. అదే స్టేషన్లో 2008లో నెలకొన్న ట్రిపుల్ ఐటీ పిల్లలు కూడా దిగుతారు. వాళ్ళను ఆ ప్రశ్న ఎవరూ అడగరు. వాళ్ళ సంచీలో ల్యాప్‌టాప్ ఉంటుంది, మన సంచీలో పాఠ్య పథకం రికార్డు, చుట్టిన మ్యాపు, సుద్దముక్కల డబ్బా ఉంటాయి. ఈ డబ్బా మనకు ఏ నైపుణ్యం ఇస్తున్నదో విచారించడమే ఈ వ్యాసం ఉద్దేశం. ముందుగా నేను పాడుచేసిన పాఠం సంగతి చెప్తాను. మంచిగా చెప్పిన పాఠం కంటే చెడగొట్టిన పాఠమే నాకు ఎక్కువ నేర్పింది గనుక.

త్ర్యంబకం నుంచి బంగాళాఖాతం దాకా

నాకిచ్చింది బాసరకు దగ్గరలోని ఒక ఉన్నత పాఠశాల, తొమ్మిదో తరగతి. పాఠం నదులు, నీటి వాడకం. రాత్రంతా కూచొని తయారైనాను. గోదావరి మహారాష్ట్రలో త్ర్యంబకేశ్వరం దగ్గర పుట్టుట, పొడవు 1,465 కిలోమీటర్లు, ఉపనదులు, ప్రాజెక్టులు, ఉపయోగాలు — మొత్తం పద్నాలుగు అంశాలు. "మధ్యలో ఎవ్వరూ మాట్లాడవద్దు, డౌట్లు చివర్లో అడగండి" అని మొదలుపెట్టి, ఆగకుండా చెప్పుకుంటూ పోయినాను. పీరియడు ఇంకా పన్నెండు నిమిషాలుండగానే నా దగ్గరున్న సరుకంతా అయిపోయింది. "అర్థమైందా?" అన్నాను. "అయింది సార్!" అని క్లాసు క్లాసంతా ఒక్క గొంతుతో అన్నది. నాకు సంతోషమైంది.

వెనుక బెంచీలో కూచొని పరిశీలించిన ఆ బడి సోషల్ సారు బయటికి వచ్చినాక మెల్లగా అడిగిండు: "మంచిగనే చెప్పినవు గని బాబూ, నీ గోదావరి త్ర్యంబకంల పుట్టింది, పొయ్యి బంగాళాఖాతంల కలిసింది. నడుమ బాసర తగలనే లేదా?"

నేను జవాబు వెదుక్కుంటుండగానే కిటికీ పక్క బెంచీ పిల్ల ఒకతె వచ్చి నిలబడ్డది. "సార్, మా తాతోల్ల ఊరు గా నీళ్ళల్లనే ఉన్నది. ఎండకాలం నీళ్ళు గుంజుకపోతే గుడి పైకొస్తది. క్లాసుల చెప్దామనుకున్న గని మీరు మాట్లాడొద్దంటిరి."

శ్రీరాంసాగర్ ప్రాజెక్టుకు 1963 జూలై 26న పోచంపాడు దగ్గర నెహ్రూ శంకుస్థాపన చేసినట్టు నేను బోర్డు మీద రాసిన. 42 గేట్లున్నవని రాసిన. నిండు నీటిమట్టం 1,091 అడుగులని కూడా రాసిన. ఆ నీళ్ళు వెనక్కి తన్ని బాసర దాకా నిలుస్తవని, వాటి కింద ఊళ్ళున్నవని, ఆ ఊళ్ళ మనుమలు, మనుమరాళ్ళే నా ముందు బెంచీల మీద కూచున్నరని మాత్రం నాకు తోచలేదు. నేను చెప్పిన అంకెల్లో తప్పులేదు. కాని ఆ పాఠం ఆ తరగతిది కాదు.

తిరిగి చెప్పడం ఎట్లా?

బి.ఎడ్.లో మనకు సూక్ష్మబోధన నేర్పుతారు. 1963 ప్రాంతంలో అమెరికాలోని స్టాన్‌ఫోర్డు విశ్వవిద్యాలయంలో పుట్టిన పద్ధతి ఇది. మన దేశంలో వాడే నమూనాలో ఒక చుట్టు 36 నిమిషాలు: ఆరు నిమిషాలు బోధన, ఆరు నిమిషాలు లోటుపాట్ల చర్చ, పన్నెండు నిమిషాలు మళ్ళీ పథకం, ఆరు నిమిషాలు మళ్ళీ బోధన, ఆరు నిమిషాలు మళ్ళీ చర్చ. ఈ లెక్కలో ఒక్క విషయం గమనించండి. చెప్పడానికంటే సరిదిద్దుకోవడానికి రెట్టింపు సమయం ఇచ్చినారు. పరీక్షలో ఈ అంకెలు రాసి మార్కులు తెచ్చుకున్నాను గాని, వాటి అర్థం ఆ పిల్ల మాట విన్నాకే నాకు తలకెక్కింది.

ఆ రాత్రి పద్నాలుగు అంశాలు కొట్టేసి మూడు ప్రశ్నలు పెట్టుకున్నాను. ఒకటి, ప్రాజెక్టు కట్టకముందు మన దగ్గర నది ఎక్కడిదాకా ఉండేది? రెండు, నీళ్ళు నిలిచినాక ఎవరి భూమి పోయింది? మూడు, ఆ నీళ్ళు ఎవరి భూమికి పోతున్నవి? పుస్తకం చూసి కాదు, ఇంట్లో పెద్దవాళ్ళను అడిగి రాసుకొని రమ్మన్నాను.

మూడోనాడు క్లాసు వేరే క్లాసైపోయింది. ఒకడు నానమ్మ చెప్పిన పాత రేవు బొమ్మ గీసుకొచ్చిండు. ఒకడు, "మా మేనమామది కోరుట్ల దిక్కు సార్, కాకతీయ కాలువ నీళ్ళొచ్చినంకనే వాళ్ళకు వరి పండుతున్నది" అన్నడు. కిటికీ పక్క పిల్ల లేచి, "మీ మామకు వరి పండాలంటే మా తాత ఊరు మునగాల్నా?" అన్నది. క్లాసంతా నిశ్శబ్దం. నా దిక్కు చూస్తున్నరు. నేనొక తీర్పు చెప్పేస్తే పాఠం అక్కడితో ముగుస్తుంది. అందుకని బోర్డును నడిమికి గీత గీసి, ఒక పక్క లాభం, ఒక పక్క నష్టం రాయించినాను. లాభం పక్క 284 కిలోమీటర్ల కాకతీయ కాలువ, కరెంటు, తాగునీరు వచ్చినవి. నష్టం పక్క భూములు, ఇళ్ళు, గుడి, పాత దారి వచ్చినవి. చివర ఒక పిల్లగాడు, "సార్, పూడిక ఏ పక్క రాయాలె?" అని అడిగిండు. మొదట 112 టి.ఎం.సి. పట్టే జలాశయం ఇప్పుడు 80.5 టి.ఎం.సి. లెక్కకు వచ్చింది మరి. ఆ ప్రశ్న నా పథకంలో లేదు.

ఆ మరుసటి పాఠం బాబ్లీ. అది మాకు ఎగువన, మహారాష్ట్రలో ధర్మాబాదు దగ్గర ఉన్నది. మా క్లాసులో ఇంట్లో మరాఠీ మాట్లాడే పిల్లలు కూడా ఉన్నరు, వాళ్ళ చుట్టాలు ఆ పక్కనే. గోదావరి జలాల ట్రిబ్యునల్ 1969లో ఏర్పడి 1980లో తుది తీర్పు ఇవ్వడం, బాబ్లీ మీద సుప్రీంకోర్టు 2013 ఫిబ్రవరి 28న తీర్పు చెప్పడం, దాని ప్రకారం జూలై 1 నుంచి అక్టోబరు 28 దాకా గేట్లు ఎత్తి ఉంచవలసి రావడం — ఇవన్నీ పుస్తకంలో పొడిగా ఉండే సంగతులు. క్లాసును రెండు రాష్ట్రాలుగా విడదీసి, ఈ పక్కవాళ్ళను ఆ పక్క తరఫున వాదించమంటే, తేదీలు వాళ్ళే అడిగి రాసుకున్నరు.

కాయితం చదివిన సాయంత్రం

ఇంతవరకు బోధన సంగతి. ఉద్యోగ నైపుణ్యం అంటే ఏమిటో నాకు తెలిసింది బడి బయట.

వారం తర్వాత ఆ పిల్ల ప్లాస్టిక్ కవరులో చుట్టిన పాత కాయితం తెచ్చింది. "సార్, ఇండ్ల ఏం రాసున్నదో మా తాతకు చదివి చెప్తరా? ఇంగ్లీషుల ఉన్నది." ముంపు భూమికి పరిహారం ఇచ్చినప్పటి కాయితమది. మడతల దగ్గర చిరిగింది. నేను చూసి, చదివేస్తాననే అనుకున్నాను. ఇంగ్లీషు అక్షరాలు వచ్చినవి గాని, సంగతి రాలేదు. సర్వే నంబరు పక్కన ఉపవిభాగం ఏమిటో, ఎకరాల పక్కన చుక్క తర్వాత ఉన్న అంకె ఏమిటో అర్థం కాలేదు. ఎకరానికి నలభై గుంటలని చిన్నప్పుడు విన్నదే. కాని కాయితం మీది 2.30 అంటే రెండెకరాల ముప్పై గుంటలు, అంటే పావు తక్కువ మూడెకరాలు అని నాకు వెంటనే తట్టలేదు. భూసంస్కరణల మీద పది పేజీల వ్యాసం రాసి ఫస్టుక్లాసు తెచ్చుకున్నవాణ్ణి! ఊళ్ళో పాత పట్వారీ దగ్గర పనిచేసిన ఒక పెద్దమనిషిని పట్టుకొని, రెండు సాయంత్రాలు కూచుంటే గాని పూర్తికాలేదు.

ఆ ముసలాయనకు తన భాషలో చెప్పవలె. "అవార్డు" అంటే ఆయనకు బహుమానం. "పరిహారం" అన్నా తెలియదు. "పైసలు కట్టిచ్చిన కాయితం" అన్నాను. ఎంత భూమికి ఎన్ని పైసలు లెక్కకట్టిండ్రో వేళ్ళ మీద చెప్పినాను. ఆయన అడిగింది ఒక్కటే: "ఇల్లు రాసిండ్రా అండ్ల?" లేదు. ఆ కాయితం పొలానిదే. ఇంటి సంగతి అందులో లేదు, వేరే కాయితం ఉండి ఉండవచ్చు, అది ఆయన దగ్గర లేదు. ఉన్నదని చెప్తే ఆయన సంతోషపడేవాడు. లేదనే చెప్పిన. ఆయన కొంచెంసేపు ఊరుకొని, "ఇన్నేండ్లకు ఒకలన్న చదివి చెప్పిండ్రు. ఉన్నదో లేదో తెల్వకుంట సచ్చిపోతననుకున్న" అన్నడు.

నేను ఆయనకు ఒక్క రూపాయి ఇప్పించలేదు. కాని ఆ సాయంత్రం నేను చేసిన పనిని ముక్కలు చేసి చూడండి. తెలియనిదాన్ని తెలియదని ఒప్పుకోవడం. తెలిసినవాణ్ణి వెదికి అడగడం. సర్కారు భాషను మనిషి భాషలోకి మార్చడం. వినేవాడికి ఇష్టమైనది కాక, ఉన్నది చెప్పడం. క్లాసులో నేను ఓడిపోయి నేర్చుకున్నవి ఈ నాలుగే.

మార్లవాయి పాఠం

ఇది నాకొక్కడికి కలిగిన కొత్త జ్ఞానమేమీ కాదు. మన ఉమ్మడి ఆదిలాబాదు జిల్లాలోనే ఎనభై ఏళ్ళ కిందటి ఉదాహరణ ఉన్నది. 1940లో జోడేఘాట్‌లో కుమ్రం భీం అమరుడైన తర్వాత, గోండుల కష్టాలకు మూలమేమిటో తెలుసుకోవడానికి నిజాం ప్రభుత్వం హైమన్‌డార్ఫ్ అనే ఆస్ట్రియా మానవ శాస్త్రవేత్తను వినియోగించింది. ఆయన గోండుల మధ్య మార్లవాయిలో కాపురం పెట్టి పరిశోధన చేసిండు. పరిశోధన చేసి పుస్తకం రాసి ఊరుకోలేదు. 1943లో మార్లవాయిలోనే గోండు యువకులకు ఉపాధ్యాయ శిక్షణ కేంద్రం మొదలైంది. పిల్లలకు వాళ్ళ గోండి మాటల్తోనే మొదటి వాచకాలు, దేవనాగరి లిపిలో తయారైనవి.

మన విషయానికి సంబంధించిన ముచ్చట ఇక్కడున్నది. శిక్షణ పొందిన గోండులందరూ పంతుళ్ళే కాలేదు. చదువు వచ్చినవాళ్ళలో కొందరు పట్వారీలైనారు, కొందరు అటవీశాఖలో చేరినారు. భూమి పోవడానికి అసలు కారణాల్లో ఒకటి కాయితం చదవలేకపోవడమే. కాయితం చదివి, తనవాళ్ళకు తన భాషలో చెప్పగలిగే మనిషి ఊళ్ళో ఉంటే, మోసం చేసేవాడు ఒక్కసారి ఆలోచించుకుంటాడు. సాంఘిక శాస్త్రం, బోధన, ఉద్యోగం అక్కడ మూడు వేర్వేరు గదులుగా లేవు. హైమన్‌డార్ఫ్ భార్య ఎలిజబెత్ 1987లో మరణిస్తే ఆమె సమాధి కూడా మార్లవాయిలోనే కట్టినారు. బయటినుంచి వచ్చినవాళ్ళను ఒక ఊరు అంతగా తనవాళ్ళనుకున్నది.

నోటిఫికేషన్ రాని ఏండ్లు

మన కష్టం కూడా చెప్పుకోవాలి. మన తెలంగాణలో 2017లో 8,792 ఉపాధ్యాయ పోస్టులకు నోటిఫికేషన్ వచ్చింది. ఆ తర్వాత 11,062 పోస్టులతో పెద్ద డి.ఎస్సీ. 2024లో గాని జరగలేదు. నడుమ ఏడేండ్లు. ఇరవై మూడేండ్లకు బి.ఎడ్. పూర్తిచేసినవాడు ముప్పై ఏండ్లదాకా కోచింగు సెంటరు బెంచీ మీదనే ఎదురుచూసిండన్నమాట. మా పక్క ఊళ్ళలో కొందరు ఆ ఎదురుచూపు భరించలేక గల్ఫు విమానం ఎక్కిండ్రు. మా తరగతిలో చాలామంది పిల్లల నాయనలు దుబాయిలోనో, మస్కట్లోనో ఉన్నవాళ్ళే గనుక, వాళ్ళకది వింతేమీ కాదు.

ఇంకొక చిత్రం. టెట్ పరీక్ష 150 మార్కులకు, అందులో సోషల్ వాళ్ళకు సబ్జెక్టు మార్కులు 60. డి.ఎస్సీ.లో స్కూల్ అసిస్టెంటుకు రాతపరీక్ష 80 మార్కులు, టెట్ వెయిటేజీ 20. మొత్తం నూటిలో, మనిషి బోర్డు ముందర నిలబడి చెప్పగలడా లేదా అని చూసే మార్కు ఒక్కటీ లేదు. అందువల్లనే మనలో చాలామంది టీచింగ్ ప్రాక్టీసును సంతకాల తంతుగా చూస్తున్నరు. 2015 నుంచి బి.ఎడ్. రెండేళ్ళయింది. నిబంధనల ప్రకారం ఇరవై వారాలు బడితో గడపాలి — మొదటి ఏడు నాలుగు, రెండో ఏడు పదహారు. ఆ ఇరవై వారాలకు పాత విద్యార్థి రికార్డు తెచ్చుకొని తేదీలు మార్చి ఎక్కించేవాళ్ళను మీరూ చూసే ఉంటారు. నేను కూడా మొదట్లో ఒక రికార్డు అడిగి తెచ్చుకున్నవాణ్ణే. ఆ పిల్ల ఆ మాట అనకపోతే అట్లాగే ఎక్కించేవాణ్ణి.

నోటిఫికేషన్ మన చేతిలో లేదు. ఆ ఇరవై వారాలు మాత్రం మన చేతిలో ఉన్నవి.

సుద్దముక్క ఇచ్చే నేర్పులు

నేను గమనించినంతవరకు, ఒక సోషల్ విద్యార్థి శ్రద్ధగా బోధిస్తే వచ్చే నేర్పులు ఇవి.

1. ప్రశ్న అడిగే నేర్పు. "అర్థమైందా?" అనేది ప్రశ్న కాదు. "మీ ఇంట్లో బీడీలు చుట్టేవాళ్ళు వెయ్యికి ఎంత తెస్తరు? ఆకు తక్కువ పడితే ఎవరు కొంటరు?" అనేది ప్రశ్న. ఈ రెండు ప్రశ్నలతో నేను కూలి, ముడిసరుకు, మధ్యవర్తి అనే మూడు పాఠాలు చెప్పగలిగిన. తల్లి చుట్టే బీడీల లెక్క పిల్లలకు నాకంటే బాగా తెలుసు. సర్వే పనికైనా, విలేకరి పనికైనా ఇదే కావాలి.

2. వినే నేర్పు. పిల్ల జవాబు తప్పయినా, ఎందుకట్లా చెప్పిందో వినడం. పంచాయతీ కార్యదర్శి గ్రామసభలో చేయవలసిన పని సగం ఇదే.

3. కుదించే నేర్పు. బోర్డు చిన్నది, పీరియడు చిన్నది. పద్నాలుగు అంశాల్లో ఏ మూడు ఉంచాలో తేల్చుకున్నవాడు, ఆఫీసులో ఒక పేజీ నోటు రాయగలడు.

4. రెండు పక్కలు చూపే నేర్పు. లాభనష్టాల గీత గీసినవాడికి తగవు తీర్చడం, దరఖాస్తు పరిశీలించడం కొత్తగా తోచవు.

5. కొలిచే నేర్పు. చెప్పినది ఎంతమందికి అందిందో పాఠం చివర అయిదు చిన్న ప్రశ్నలతో చూసుకోవడం. నా మొదటి పాఠం మీద మర్నాడు అట్లా అడిగితే, "అయింది సార్" అన్న క్లాసులో సరిగా రాసినవాళ్ళు నలుగురే.

6. దిద్దుకొనే నేర్పు. అన్నిటికంటే ఇది ముఖ్యం. ఏ ఉద్యోగంలోనైనా మొదటిసారి చెడకుండా చేసేవాళ్ళు తక్కువ. చెడ్డచోటు కనిపెట్టి రెండోసారి బాగు చేసేవాణ్ణే పదిమందీ పనిమంతుడంటారు.

తోటి విద్యార్థులకు ఒక మనవి

ప్రాక్టీసుకు పోయేటప్పుడు కాలేజీ రికార్డు కాక, సొంతానికి ఒక నలభై పేజీల నోటుబుక్కు పెట్టుకోండి. ప్రతి పాఠానికి మూడు వరుసలు చాలు: ఏం చెప్దామనుకున్నాను, ఏం జరిగింది, రేపు ఏం మారుస్తాను. రెండో వరుసలో అబద్ధం రాయకండి, దాన్ని ఎవరూ దిద్దరు. నా పుస్తకంలో మొదటి పేజీ మీద "బాసర తగలలేదు" అని ఉన్నది.

బడి ఉన్న ఊరును చూడకుండా బడిలోకి పోకండి. ఒక సాయంత్రం రేవు దాకా నడవండి, హోటల్లో చాయ తాగుతూ నాలుగు మాటలు వినండి. మీ పాఠానికి కావలసిన ఉదాహరణ అక్కడే తిరుగుతూ ఉంటుంది. టెట్‌కూ డి.ఎస్సీ.కీ చదవండి, చదవక తప్పదు. కాని ఆ పుస్తకం మూసి అప్పుడప్పుడు ఒక కాయితం ఎవరికైనా చదివి చెప్పండి.

ప్రాక్టీసు ఆఖరిరోజున ఆ పిల్ల వచ్చి, "సార్, ఎండకాలం మళ్ళ రండి, నీళ్ళు తగ్గినంక మా తాత ఊరు చూపిస్త" అన్నది. పోవాలి. ఈసారి పాఠం ఆమె చెప్తుంది, నేను వెనుక బెంచీ మీద కూచుంటాను. ఇకమీద ఎవరైనా చుట్టం "సోషల్ చదివి ఏం చేస్తవు?" అని అడిగితే, ఉద్యోగం వచ్చేదాకా జవాబు చెప్పకుండా తప్పించుకోవలసిన పని నాకు లేదు. ఇంట్లో ఏదన్న కాయితం ఉంటే తెమ్మంటాను.